నేల చదువు – ఆరో పాఠం: కొండ మేతబీడు బంకనేలను వర్గీకరించడం

దాళ్వా కోసిన చేలో గొయ్యి తీసి పొరల లోతు, రంగు, బంక పాలు రాసుకోవడం గత పాఠంతో పూర్తయింది. ఇకనుంచి ఆ రాసుకున్న వివరాలతో నేలకు శాస్త్రీయమైన పేరు ఎలా పెడతారో నేర్చుకుంటాము. మొదటి ఉదాహరణకు మన డెల్టా నేలను కాక, అమెరికా పడమటి రాష్ట్రాలైన ఆరెగాన్, ఐడహో, నెవాడా కొండల్లో పశువులను మేపే బీళ్ల కింద కనిపించే ఒక తరహా బంకనేలను తీసుకుంటున్నాను. అందులో ఉబ్బి కుంగే బంక మన చేలలోనిదే. ఎండితే నెర్రెలిచ్చేదీ మన చేలలాగానే. అయినా వర్గీకరణలో ఆ నేల ఒక గణంలోకి, అంటే నేలల పెద్ద విభాగంలోకి, మన నల్లరేగడి మరో గణంలోకి వెళతాయి. ఈ తేడా ఏ మెట్టు దగ్గర వస్తుందో పట్టుకోగలిగితే మిగతా పాఠాలు సులువవుతాయి.

ముందు పుట్టుక సంగతి. ఆ కొండలు చాలాచోట్ల ఆండసైట్, బసాల్టు, అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన టఫ్ వంటి రాళ్లతో ఏర్పడ్డాయి. ఇవి శిథిలమైనప్పుడు స్మెక్టైట్ అనే బంక ఖనిజం పుడుతుంది. నీరు దాని రేకుల మధ్యకు చేరితే ఉబ్బుతుంది, పోతే కుంగుతుంది. గోదావరి నాసిక్ దగ్గర పుట్టి దక్కను బసాల్టు మీదుగా ప్రవహిస్తూ మన డెల్టాకు మోసుకొచ్చిన బంకలోనూ ముఖ్యమైనది ఈ ఖనిజమే. అయితే మన దగ్గర బంకను నది తెచ్చి పరిచింది కనుక పైపొర నుంచే బంక నిండుగా ఉంటుంది. కొండమీద మాత్రం శీతకాలమంతా పడిన మంచు వసంతంలో కరిగి, పైపొరలోని సన్నని బంకరేణువులను కిందికి దించుతుంది. వర్షం లేని వేసవిలో ఆ నీరు ఇంకిపోగా బంక మాత్రం లోపలి పెళ్లల ముఖాలకూ వేళ్ల దారులకూ పూతలా అంటుకొని నిలిచిపోతుంది. ఇలా వేల ఏళ్లు జరిగితే పైన తేలిక మట్టి, కింద బరువైన బంక మిగులుతాయి.

అభ్యాసం కోసం ఇటువంటి నేలకు ఒక నమూనా వర్ణన కూర్చాను. దానిని నోటుపుస్తకంలోకి ఎక్కించుకోండి. ఎ అంటే పైపొర, బిటి అంటే బంక చేరిన పొర, సిఆర్ అంటే మెత్తబడిన రాయి. రంగు గుర్తులో 10 వైఆర్ వర్ణాన్ని, గీతకు ముందు అంకె వెలుగును, తరువాతి అంకె రంగు గాఢతను చెబుతాయి.

ఎ పొర: 0 నుంచి 20 సెం.మీ.; తడి రంగు 10 వైఆర్ 3/2, పొడి రంగు 10 వైఆర్ 5/2; బంక 24 శాతం; గుళికల కట్టు; సేంద్రియ కర్బనం 2 శాతం; సన్నని వేళ్లు దట్టంగా ఉన్నాయి.
బిటి1 పొర: 20 నుంచి 38 సెం.మీ.; తడి రంగు 10 వైఆర్ 3/3, పొడి రంగు 10 వైఆర్ 5/3; బంక 38 శాతం; సేంద్రియ కర్బనం 1 శాతం; పెళ్లల ముఖాలపై అక్కడక్కడా బంక పూత.
బిటి2 పొర: 38 నుంచి 75 సెం.మీ.; తడి రంగు 7.5 వైఆర్ 4/4. బంక 48 శాతం. నిలువు పట్టకాల కట్టు. నిండు బంక పూత, రాపిడి నునుపులు (పెళ్లలు ఒరుసుకొని మెరిసే ముఖాలు). వేసవిలో 30 నుంచి 70 సెం.మీ. లోతు దాకా 8 మి.మీ. వెడల్పు నెర్రెలు.
సిఆర్ పొర: 75 సెం.మీ. కింద మెత్తబడిన ఆండసైట్ రాయి.

రాళ్లు అన్ని పొరల్లోనూ ఘనపరిమాణంలో 15 శాతం; క్షార సంతృప్తి, అంటే కాల్షియం, మెగ్నీషియం వంటి క్షార మూలకాలు నేలలో పట్టి ఉన్న పాలు, అంతటా 50 శాతానికి పైనే. 50 సెం.మీ. లోతున నేల సగటు వార్షిక ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్. వేసవికీ శీతకాలానికీ తేడా 6 డిగ్రీలకు మించి ఉంది, వేసవిలో నేల తగినంత వెచ్చబడుతుంది. తడి శీతకాలంలో, పొడి వేసవిలో.

పైపొరతో మొదలుపెడదాము. ముదురు రంగూ, తగినంత సేంద్రియ కర్బనమూ, మంచి క్షార సంతృప్తీ ఉన్న మందపాటి పైపొరను మాలిక్ పొర అంటారు. తడిమట్టి రంగులో వెలుగు అంకె 3 లేదా తక్కువ, గాఢత అంకె 3 లేదా తక్కువ, పొడిమట్టి వెలుగు అంకె 5 లేదా తక్కువ ఉండాలి. కర్బనం కనీసం 0.6 శాతం, క్షార సంతృప్తి కనీసం 50 శాతం ఉండాలి. మందం సాధారణంగా 25 సెం.మీ. కావాలి. మన వర్ణనలో ఎ పొర ఒక్కటీ 20 సెం.మీ. మాత్రమే. బిటి1 రంగూ కర్బనమూ కూడా షరతుకు లోబడే ఉన్నందున దానిని కలుపుకొని 38 సెం.మీ. వస్తుంది. చాలామంది ఎ అక్షరం ముగిసిన చోటే మాలిక్ కూడా ముగిసిందనుకొని తప్పుతారు. పొర పేరు వేరు, నిర్ధారణ షరతు వేరు. రంగు చూసేది మన్సెల్ రంగుల పుస్తకంతోనే తప్ప ఫోను బొమ్మతో కాదు, ఎందుకంటే ఫోను ప్రతి బొమ్మలోనూ వెలుగును తనకు తోచినట్టు సర్దేస్తుంది.

ఇక బంక చేరిన పొర, అంటే ఆర్జిల్లిక్ పొర. పై పొరలో బంక 15 నుంచి 40 శాతం మధ్య ఉన్నప్పుడు కింది పొరలో అది కనీసం 1.2 రెట్లు ఉండాలి. 24ను 1.2తో గుణిస్తే 28.8, బిటి1లో 38 ఉంది కనుక షరతు నెరవేరింది. పైన 15 శాతం కన్నా తక్కువుంటే కింద ఆ శాతపు అంకె 3 పెరిగినా (10 నుంచి 13కి) చాలు. పైన 40 లేదా అంతకు మించితే ఆ అంకె 8 పెరగాలి. లెక్క సరిపోయినంత మాత్రాన పని ముగియదు, బంక కిందికి దిగిందనడానికి కంటి సాక్ష్యం కూడా కావాలి.

ఈ సాక్ష్యం దగ్గరే కొత్తవారు ఎక్కువగా తడబడతారు. పెళ్లను కత్తితో కోయకుండా చేత్తో విరిచి, విరిగిన ముఖాన్ని పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద ఏటవాలు వెలుగులో తిప్పుతూ చూడండి. బంక పూత పెళ్ల లోపలి మట్టికన్నా కొంచెం ముదురుగా, ఇసుకరేణువులను కప్పేస్తూ, అంచుల దగ్గర కారి ఆగిన జాడతో ఉంటుంది. వేళ్లు పోయిన సన్నని రంధ్రాల లోపలి గోడకు కూడా అంటుకొని ఉంటుంది. రాపిడి నునుపు, అంటే స్లికెన్‌సైడ్, కూడా మెరుస్తుంది గాని దానిపై ఒకే దిశలో సన్నని గీతలు ఉంటాయి, ముఖం ఏటవాలుగా ఉంటుంది, రంధ్రాలలో కనిపించదు. ఉబ్బిన మట్టి పెళ్లలు ఒకదానిమీద ఒకటి ఒరుసుకొని జారడం వల్ల పుట్టినది అది. మే నెలలో కాలువలు కట్టేశాక మన చేలో అడుగున్నర లోతున పెద్ద పెళ్ల పెకలించి చూస్తే ఈ గీతలు చక్కగా కనిపిస్తాయి. బంక పూత మాత్రం అంత తేలికగా దొరకదు, ఏటేటా జరిగే ఆ కదలికలో అది చెదిరిపోతుంది.

ఇప్పుడు అసలు పని. అమెరికా వ్యవసాయ శాఖ 1975లో తొలిసారి, 1999లో సవరించి ప్రచురించిన మృత్తికా వర్గీకరణలో 12 గణాలు ఉన్నాయి. వాటిని ఒక నిర్ణీత క్రమంలో పరీక్షించాలి; ఏ గణం షరతులు ముందు కుదిరితే నేల అక్కడే ఆగిపోతుంది. ఈ వరుసలో ఉబ్బి కుంగి నెర్రెలిచ్చే బంకనేలలైన వెర్టిసాల్స్ ఆరోది, ముదురు పైపొర నేలలైన మాలిసాల్స్ తొమ్మిదోది. మొదటి ఐదింటి షరతులు మన నమూనాకు వర్తించవు. వెర్టిసాల్ కావాలంటే మూడు షరతులు కలిసి నెరవేరాలి: 100 సెం.మీ. లోపు మొదలయ్యే, కనీసం 25 సెం.మీ. మందంగల రాపిడి నునుపుల పొర ఉండాలి. పై 18 సెం.మీ.లో సగటున, అక్కడి నుంచి 50 సెం.మీ. దాకా ప్రతి పొరలోనూ బంక 30 శాతానికి తగ్గకూడదు. నెర్రెలు కాలానుగుణంగా తెరుచుకొని మూసుకోవాలి. నమూనాలో నునుపుల పొర 37 సెం.మీ. ఉంది, నెర్రెలూ ఉన్నాయి. పై 18 సెం.మీ.లో బంక 24 శాతమే. ఆ ఒక్క షరతుతో నేల వెర్టిసాల్స్ దాటిపోతుంది. నెర్రెలిచ్చే మన నల్లరేగడిలో పైనుంచే బంక నిండుగా ఉంటుంది కనుక అది ఆరో మెట్టు దగ్గరే ఆగుతుంది. నది పరిచిన బంకకూ, మంచునీరు దించిన బంకకూ ఉన్న తేడా వర్గీకరణలో బయటపడేది సరిగ్గా ఇక్కడ.

ఎడారి నేలల గణానికి తేమ ఎక్కువైంది, క్షారాలు కొట్టుకుపోయిన నేలల గణమైన అల్టిసాల్స్‌కు క్షార సంతృప్తి ఎక్కువైంది. తొమ్మిదో మెట్టులో మాలిక్ పొర ఉన్నందున గణం మాలిసాల్స్. తడి శీతకాలం, పొడి వేసవి గల తేమ తీరును జెరిక్ అంటారు కనుక ఉపగణం జెరాల్స్. ఆర్జిల్లిక్ పొర వల్ల మహావర్గం ఆర్జిజెరాల్స్. నెర్రెలు కనీసం 5 మి.మీ. వెడల్పుతో 30 సెం.మీ. మందం మేర ఉండి, నునుపుల పొర కనీసం 15 సెం.మీ. ఉంటే పేరుకు ముందు వెర్టిక్ చేరుతుంది. నమూనాలో నెర్రెల నిడివి 40 సెం.మీ., కాబట్టి వెర్టిక్ ఆర్జిజెరాల్స్.

కుటుంబం పేరుకు ఒక చిన్న లెక్క మిగిలింది. ఆర్జిల్లిక్ పొరలో పై 50 సెం.మీ., అంటే 20 నుంచి 70 దాకా, బంక సగటు తీయాలి: 18 సెం.మీ. మేర 38 శాతం, 32 సెం.మీ. మేర 48 శాతం కలిపితే సగటు 44.4. బంక 35 నుంచి 60 మధ్య ఉంటే ఫైన్. రాళ్లు 35 శాతం చేరలేదు గనుక స్కెలెటల్, అంటే రాళ్లు నిండిన నేల, అనే ముద్ర రాదు. ఖనిజం స్మెక్టిటిక్. ఉష్ణోగ్రత తీరు ఫ్రిజిడ్, అంటే చల్లని నేల. మన డెల్టాలో ఇదే చోట ఐసోహైపర్‌థర్మిక్ వస్తుంది: నేల సగటు 22 డిగ్రీలకు పైన, కాలాల మధ్య తేడా 6 డిగ్రీల లోపు. పూర్తి పేరు: ఫైన్, స్మెక్టిటిక్, ఫ్రిజిడ్ వెర్టిక్ ఆర్జిజెరాల్స్.

ఈ పేరు తెలిసిన మేతబీటి నిర్వాహకుడు నేలను చూడకుండానే చాలా ఊహించగలడు. మంచు కరిగే రోజుల్లో నీరు బంక పొర మీద నిలుస్తుంది. అప్పుడు పశువులను తోలితే గిట్టల కింద పైపొర గట్టిపడి, తరువాతి నీరు ఇంకకుండా వాలున జారిపోతుంది. బంక పొర పైకి దగ్గరగా ఉన్న చోట్ల పొట్టి సేజ్‌బ్రష్ నిలదొక్కుకుంటుంది. లోతైన తేలిక మట్టిలో దాని ఎత్తయిన బంధువు పెరుగుతుంది. రెండూ ఆర్టెమీసియా ప్రజాతివే, వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రి కుటుంబమే. అందుకే అక్కడి సర్వేయర్లు గొయ్యి తీయకముందే పొదల ఎత్తును చూసి బంక పొర ఎంత లోతున ఉందో అంచనా వేసుకుంటారు.

అభ్యాసం: మీ చేలో అడుగు లోతు మట్టిని రాళ్లూ వేళ్లూ తీసి, నీటితో ముద్దచేసి, ఒక రాత్రి మూతపెట్టి ఉంచండి. సూది తీసిన పెద్ద సిరంజి గొట్టంతో నున్నని కడ్డీలు తీసి, సరిగ్గా 10 సెం.మీ.కు కోసి, నీడలో ఆరబెట్టండి. ఎండాక పొడవు కొలిచి, తగ్గినదానిని ఎండిన పొడవుతో భాగించండి. 10 సెం.మీ. కడ్డీ 8.8కి కుంగితే 1.2ను 8.8తో భాగించగా 0.136 వస్తుంది; నేల ఎంత కుంగుతుందో చెప్పే అంకె ఇది. ముద్దచేయడంతో సహజమైన కట్టు చెదిరిపోతుంది కనుక ఈ అంకె పెళ్లతో ప్రయోగశాలలో కొలిచినదానికన్నా ఎక్కువగా వస్తుందని గుర్తుంచుకొని, లంక నేల మట్టితోనూ ఇదే చేసి రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. వచ్చే పాఠానికి ఈ రెండు అంకెలూ, గొయ్యి వర్ణనా మీ దగ్గర ఉండాలి. మీ చేలో పై 18 సెం.మీ. బంక సగటు 30 శాతం దాటిందో లేదో ఆ వర్ణనతోనే తేలుస్తాము.