చర్య, ప్రతిచర్యల జంటను తప్పు లేకుండా గుర్తించడం ఎలా?

ప్రతి చర్యకూ దానికి సమానంగా, ఎదురు దిక్కులో ఒక ప్రతిచర్య ఉంటుందని న్యూటన్ 1687లో ప్రకటించిన మూడో గమన నియమాన్ని తొమ్మిదో తరగతి పిల్లల్లో ఎవరిని అడిగినా గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. బల్ల మీద బత్తాయిని పెట్టి అందులో చర్య ఏది, ప్రతిచర్య ఏది అని అడిగితే మాత్రం, భూమి కిందికి లాగడం చర్య అనీ బల్ల పైకి నెట్టడం ప్రతిచర్య అనీ అంటారు. అది తప్పు. పాలమూరు వైపు ఒక సైన్స్ ప్రదర్శనలో ఇదే తప్పును అట్ట మీద రంగుల్లో రాసిన నమూనాకు మొదటి బహుమతి ఇవ్వడం కూడా చూశాను.

కావలసినవి కొన్నే: 10 న్యూటన్ల (బలాన్ని కొలిచే ప్రమాణం) వరకు కొలిచే, ఒకే రకమైన రెండు స్ప్రింగ్ త్రాసులు, ఒక బత్తాయి, తెల్ల కాగితం, రెండు రంగుల పెన్సిళ్లు. బత్తాయికి బదులు పుస్తకం వాడకూడదు. గుండ్రటి కాయ బల్లను ఒక్కచోటే తాకుతుంది కనుక, బాణాన్ని ఎక్కడి నుంచి గీయాలన్న సందేహం రాదు. పైగా నల్లగొండలో ఉండి బత్తాయి దొరకలేదంటే ఎవరూ నమ్మరు.

ముందుగా త్రాసులను అడ్డంగా పట్టుకొని ముల్లును సున్నా దగ్గరికి సవరించండి. నిలువుగా ఉన్నప్పుడు కొక్కెం బరువు కూడా స్ప్రింగును కొద్దిగా లాగుతుంది కనుక, నిలువులో సవరించిన సున్నా అడ్డంగా పట్టుకుంటే పనికిరాదు. తరువాత రెండు కొక్కేలను ఒకదానికొకటి తగిలించి, ఒక త్రాసును కిటికీ ఊచకు కట్టి, రెండోదాన్ని మెల్లగా లాగండి. ఇది 4 న్యూటన్లు చూపితే అదీ 4 చూపుతుంది. ఊచను తీసేసి అటువైపు మరొకరిని లాగమన్నా రెండు త్రాసులూ ఒకే అంకె చూపుతాయి తప్ప 4, 4 కలిసి 8 కావు. ఈ దశ ఎవరికైనా కుదురుతుంది.

చాలామంది ఇక్కడ బెలూన్‌ను దారం మీద పరుగెత్తించి పాఠం ముగిస్తారు. నేను ఆ ప్రయోగం చేయను. అది చూసిన పిల్లవాడు, బెలూన్‌లోంచి వచ్చిన గాలి బయటి గాలిని తన్నడం వల్లనే బెలూన్ ముందుకు పోయిందనుకుంటాడు. ఆ లెక్కన శూన్యంలో రాకెట్ నడవకూడదు. 1920లో అమెరికాలోని ఒక పేరున్న దినపత్రిక ఇలాగే పొరబడి రాకెట్ శాస్త్రజ్ఞుడు గొడార్డ్‌ను ఎగతాళి చేసి, 1969లో అపోలో 11 చంద్రుడి దారి పట్టిన మరునాడు సవరణ వేసుకుంది.

ఇప్పుడు అసలు దశకు రండి. ఇక్కడ తొందరపడితే ముందు చేసినదంతా వృథా. బత్తాయిని బల్ల మీద పెట్టండి కానీ, పెన్సిల్‌తో బాణం గీయకండి. ముందు వాక్యం రాయాలి. ప్రతి బలాన్నీ "ఫలానాది ఫలానాదాన్ని" అనే రూపంలోనే రాయాలి. "భూమి బత్తాయిని కిందికి లాగుతుంది" అని రాశాక రెండు పేర్లను తారుమారు చేసి, దిక్కును తిప్పితే "బత్తాయి భూమిని పైకి లాగుతుంది" అని వస్తుంది. జంట అదే. 200 గ్రాముల కాయను భూమి సుమారు 2 న్యూటన్ల బలంతో లాగితే, కాయ కూడా భూమిని అంతే బలంతో లాగుతుంది. భూమి ద్రవ్యరాశి దాదాపు 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోగ్రాములు కనుక దాని కదలిక మనకు తెలియదు. ఇక "బల్ల కాయను పైకి నెడుతుంది" అన్నదానికి జంట "కాయ బల్లను కిందికి నెడుతుంది" అన్న వాక్యమే. ఒక్కో జంటకు ఒక్కో రంగు వాడి, బాణాలను ఆ తరువాతనే గీయండి.

కాయ మీద భూమి బలమూ బల్ల బలమూ సమానంగానే ఉన్నాయి కదా, అవి ఎందుకు జంట కావని అడిగేవారు తప్పక ఉంటారు. వారి అరచేతిలో కాయను పెట్టి, చేతిని ఒక్కసారిగా పైకి లేపమనండి. ఆ క్షణంలో కాయ బరువెక్కినట్టు తోస్తుంది, ఎందుకంటే చేయి దాన్ని 2 న్యూటన్ల కంటే ఎక్కువ బలంతో నెడుతోంది. భూమి లాగే బలం మాత్రం మారలేదు. నిజమైన జంటలో ఇటువంటి తేడా ఏనాడూ రాదు. రెండూ ఒకే రకం బలాలు, ఒకేసారి పుట్టి ఒకేసారి పోతాయి, వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి. ఇందువల్లనే ఇది చర్య, అది ప్రతిచర్య అని ముందూవెనుకా పేర్లు పెట్టడం నాకు గిట్టదు.

చివరగా ఎడ్లబండి ప్రశ్న వేయండి. ఎద్దు బండిని ఎంత బలంతో లాగుతుందో బండి కూడా ఎద్దును అంతే బలంతో వెనక్కు లాగుతుంటే, బండి ఎలా కదులుతుంది? పై పద్ధతిలో వాక్యాలు రాసిన పిల్లవాడు, ఆ రెండు బలాల్లో బండి మీద ఉన్నది ఒక్కటేనని తనంతట తానే చూస్తాడు. ఎద్దు లాగే బలం చక్రాల దగ్గరి నిరోధాన్ని మించితే ఆగి ఉన్న బండి కదులుతుంది. ఇక ఎద్దును ముందుకు నెట్టేది ఏమిటని అడగండి. "గిట్టలు నేలను వెనక్కు తన్నుతాయి, నేల గిట్టలను ముందుకు నెడుతుంది" అని రాస్తే కాగితం పక్కన పెట్టవచ్చు. "ఎద్దే తనను తాను నెట్టుకుంటుంది" అని రాస్తే, బత్తాయిని మళ్లీ బల్ల మీద పెట్టి మొదటి వాక్యం నుంచి రాయించండి.