సుస్థిర పర్యాటక సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలి? గోడ మీద బోర్డు కంటే ముందు బీరువాలో బిల్లులు

హోటల్ బాత్రూముల్లో ఓ చిన్న కార్డు కనిపిస్తుంటుంది. పర్యావరణం కోసం తువ్వాలు మళ్లీ వాడమని అందులో ఉంటుంది. "గ్రీన్‌వాషింగ్" (అంటే చేయని మేలు చేస్తున్నట్టు చూపించుకోవడం) అనే మాటకు ఆ కార్డే కారణం. 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ ఇలాంటి కార్డుల మీద విసిగిపోయి రాసిన వ్యాసంలో ఆ మాట వాడాడు. హోటల్‌కు ఉతుకుడు ఖర్చు మిగులుతుంది, పేరేమో భూమాతకు! అప్పటి నుంచి "మేం పర్యావరణానికి మేలు చేస్తున్నాం" అని ఎవరన్నా సరే, "ఎవరు చూసి చెప్పారు?" అని అడగడం మొదలైంది.

దేశవ్యాప్త సర్టిఫికేషన్ పథకాలు ఆ ప్రశ్నకు జవాబు చెబుతాయి. ఒక దేశపు పర్యాటక శాఖో, పర్యాటక సంస్థల సంఘమో ప్రమాణాలు రాసి పెడుతుంది. బయటివాళ్లు వచ్చి తనిఖీ చేస్తారు. పాసైతే సర్టిఫికెట్ గుర్తు (లోగో) ఇస్తారు, దానికి గడువు ఉంటుంది. ఆస్ట్రేలియాలో 1996లో, కోస్టా రికాలో 1997లో ఇలాంటివి మొదలయ్యాయి. మీకు హోటల్, గెస్ట్‌హౌస్, టూర్ కంపెనీ ఉన్నా, మీరు ఒక పర్యాటక ప్రాంతం బాధ్యత చూస్తున్నా, దారి దాదాపు ఇదే.

1. ముందు మీరెవరో తేల్చుకోండి

వ్యాపారానికి ఇచ్చే సర్టిఫికెట్ వేరు, ప్రాంతానికి ఇచ్చేది వేరు. ప్రమాణాల పుస్తకాలు కూడా వేరు. హోటల్‌కు యజమాని ఉంటాడు, సాయంత్రానికి నిర్ణయం తీసుకోగలడు. ప్రాంతానికి యజమాని ఎవరు? మున్సిపాలిటీ, అటవీ శాఖ, హోటళ్ల సంఘం, దుకాణదారులు, అక్కడ పుట్టి పెరిగినవాళ్లు, అందరూ కాస్త కాస్త. అందుకే ప్రాంతం తరఫున దరఖాస్తు పెట్టాలంటే వీళ్లందరి తరఫునా మాట్లాడే హక్కున్న ఒక సంస్థ ముందు ఉండాలి. అది లేకుండా ఫారాలు నింపడం మొదలుపెట్టకండి.

2. మీ దేశంలో ఉన్న పథకానికి ఎంత విలువుందో చూడండి

పేర్లు అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల తేడాలు చాలా. మూడు సంగతులు అడగండి: ప్రమాణాలు ఎవరు రాశారు, తనిఖీ ఎవరు చేస్తారు, సర్టిఫికెట్ ఎన్నాళ్లు పనిచేస్తుంది. ప్రమాణాలు రాసినవాళ్లూ, సలహా ఇచ్చినవాళ్లూ, తనిఖీ చేసినవాళ్లూ ఒకరే అయితే ఆ గుర్తును మీ అతిథులు కూడా నమ్మరు.

ఈ రంగంలో కొలబద్ద గ్లోబల్ సస్టైనబుల్ టూరిజం కౌన్సిల్, అంటే జీఎస్‌టీసీ. దాని ప్రమాణాలు మొదట 2008లో వచ్చాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు. జీఎస్‌టీసీ తానుగా ఏ హోటల్‌కూ సర్టిఫికెట్ ఇవ్వదు. అది రెండు పనులు చేస్తుంది. ఒక పథకం రాసుకున్న ప్రమాణాలు తన ప్రమాణాలకు సరితూగుతాయా అని చూసి గుర్తింపు ఇస్తుంది. తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పనితీరును పరిశీలించి అక్రెడిటేషన్ ఇస్తుంది. మొదటిది పుస్తకం బాగుందని చెప్పడం, రెండోది పరీక్ష సరిగ్గా పెడుతున్నారని చెప్పడం. మీ దేశపు పథకానికి ఈ రెండింటిలో ఏది ఉందో కనుక్కోండి.

పథకాల్లో మెట్లు కూడా ఉంటాయి. స్విట్జర్లాండ్‌లో 2021లో వచ్చిన స్విస్‌టైనబుల్‌లో మూడు మెట్లు. మొదటి మెట్టుకు పాత సర్టిఫికెట్లేమీ అక్కర్లేదు, పనిచేస్తామన్న హామీ చాలు. పై మెట్టుకు మాత్రం అన్ని కోణాలనూ పరిశీలించిన గుర్తింపు పొందిన సర్టిఫికెట్ ఉండాలి. స్లొవేనియా 2015లో మొదలుపెట్టిన గ్రీన్ స్కీమ్‌లో హోటల్ చేరాలంటే అంతర్జాతీయంగా పేరున్న ఏదో ఒక పర్యావరణ గుర్తు ముందే చేతిలో ఉండాలి. అంటే కొన్ని దేశాల్లో జాతీయ గుర్తు మొదటి మెట్టు, కొన్ని చోట్ల అది రెండోది. ఇది తెలియకపోతే బడ్జెట్ మొత్తం తలకిందులవుతుంది.

3. ఫీజు కట్టకముందే ప్రమాణాలు చదవండి

వినడానికి సిల్లీగా ఉంటుంది కానీ, చదవకుండా దరఖాస్తు పెట్టేవాళ్లే ఎక్కువ. పర్యాటకం అనగానే చెట్లు, ప్లాస్టిక్ గుర్తొస్తాయి. జీఎస్‌టీసీ ప్రమాణాల్లో పర్యావరణం నాలుగు భాగాల్లో ఒకటి మాత్రమే. మిగతావి నిర్వహణ, స్థానికుల జీవనోపాధి, సంస్కృతి. జీతాలు సరిగ్గా ఇస్తున్నారా, చుట్టుపక్కలవాళ్లకు ఉద్యోగాలు వస్తున్నాయా, పిల్లలతో పని చేయించకుండా జాగ్రత్తలున్నాయా, వికలాంగులు లోపలికి రాగలరా అన్నవీ అడుగుతారు.

ఒక్కో ప్రమాణం పక్కన మూడింట్లో ఒక గుర్తు పెట్టండి: చేస్తున్నాం, రుజువుంది; చేస్తున్నాం, రుజువు లేదు; చేయడం లేదు. నిజాయితీగా పెడితే రెండో గుర్తే ఎక్కువ వస్తుంది. దానికి టెన్షన్ పడకండి, సరిచేయడానికి అదే అన్నిటికంటే తేలిక.

4. పన్నెండు నెలల బిల్లులు బయటికి తీయండి

అసలు పని ఇది. కరెంటు, నీరు, గ్యాస్, జనరేటర్ డీజిల్, చెత్త: ఏడాది లెక్క కావాలి. ఒక్క నెల సరిపోదు, ఎందుకంటే సీజన్‌లో ఒక లెక్క, ఖాళీ రోజుల్లో ఒక లెక్క. నీటికి మీటర్ లేకపోతే ఈరోజే పెట్టించండి. బోరు నీళ్లకు బిల్లు రాదు కాబట్టి ఎవరూ కొలవరు, ఆడిటర్ మొదట అడిగేది దాన్నే.

మొత్తం వాడకం ఎంతో రాస్తే సరిపోదు. దాన్ని బస చేసిన రాత్రులతో భాగించాలి. ఇద్దరు అతిథులు మూడు రాత్రులుంటే ఆరు. ఒక ఊహాజనిత హోటల్ తీసుకుందాం. నిరుడు 48,000 యూనిట్లు కాలింది, 6,000 అతిథి రాత్రులు. అంటే ఒక్కో అతిథి రాత్రికి 8 యూనిట్లు. ఈ ఏడు 51,000 కాలింది, 6,800 రాత్రులు. అంటే 7.5. బిల్లు పెరిగింది, పొదుపూ పెరిగింది. ఈ భాగహారం చేయని యజమాని బాగా పనిచేసిన ఏడాదిలో కూడా తన మేనేజర్‌ను తిడతాడు.

కానీ భాగహారాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి. నీటి ఎద్దడి ఉన్న చోట భూగర్భజలానికి అతిథుల సంఖ్యతో పనిలేదు, మీరు మొత్తం ఎంత తోడారన్నదే దానికి లెక్క. కాబట్టి రెండు అంకెలూ పక్కపక్కనే రాయండి. బట్టలు బయట లాండ్రీకి ఇస్తుంటే ఆ నీళ్లు కూడా ఒక వరుసలో చూపించండి. పని బయటికి పంపి "నీటి వాడకం తగ్గింది" అని రాస్తే అనుభవమున్న ఆడిటర్ ఇట్టే పట్టేస్తాడు.

5. ఒక మనిషికి బాధ్యత ఇవ్వండి

"అందరూ చూసుకుంటారు" అంటే ఎవరూ చూడరు. స్లొవేనియా పథకంలో ప్రాంతాలు గ్రీన్ కోఆర్డినేటర్‌ను నియమించుకోవాలి. మీ దగ్గర కూడా అలాంటి మనిషి ఉండాలి. కొత్తగా చేరిన జూనియర్‌కు ఈ పని అంటగట్టకండి. కొనుగోళ్లు ఆపగలిగే, వంటగదిలోకి వెళ్లి అడగగలిగే అధికారం ఆ మనిషికి ఉండాలి. ఒక పేజీ విధానపత్రం రాసి యజమాని సంతకం పెట్టాలి. ఒక్క పేజీ చాలు.

6. రుజువుల ఫైలు కట్టండి

ముందు చట్టం. లైసెన్సులు, అగ్నిమాపక అనుమతి, కనీస వేతనాలు, మురుగునీటి అనుమతులు ఏవి కావాలో అన్నీ అమల్లో ఉండాలి. ఇవి లేకుండా సౌర ఫలకాలు ఎన్ని పెట్టినా ప్రయోజనం లేదు.

తర్వాత మిగతావి: శిక్షణ ఇచ్చిన రోజు హాజరు పట్టిక సంతకాలతో, సెప్టిక్ ట్యాంకు తీయించిన రసీదు, చెత్త తీసుకెళ్లినవాళ్ల రసీదు, స్థానికుల దగ్గర కొన్న సరుకుల బిల్లులు, అతిథుల ఫిర్యాదులు, వాటికి ఏం చేశారో. తేదీ లేని ఫొటో రుజువు కాదు. ఆడిట్‌కు ముందు వారంలో కూర్చుని ఏడాది కాగితాలు ఒకే పెన్నుతో రాయడం అన్నిటికంటే పెద్ద తప్పు. సిరా చూస్తేనే తెలిసిపోతుంది.

7. ఆడిట్ రోజు

కాగితాలు చూస్తారు, వంటగది వెనక్కీ చెత్త ఉంచే చోటికీ వెళ్తారు, సిబ్బందితో విడిగా మాట్లాడతారు. సిబ్బందికి జవాబులు బట్టీ పట్టించకండి. హౌస్‌కీపింగ్ మనిషి "ఈ తడిచెత్త ఈ డబ్బాలో వేస్తాం" అని చూపించగలిగితే మీ విధానపత్రం కంటే అది బలమైన సాక్ష్యం.

లోపాలు రాస్తారు. అసలు లోపమే లేదని రాసే ఆడిటర్‌ను అనుమానించండి. చిన్నవాటికి, పెద్దవాటికి వేర్వేరు గడువులిస్తారు. వాదనకు దిగకుండా, ఎప్పటిలోగా ఎవరు సరిచేస్తారో రాసివ్వండి. దరఖాస్తు ఫీజు, ఆడిటర్ ప్రయాణం ఖర్చు అందరూ ముందే లెక్కేసుకుంటారు. ఈ లోపాలు సరిచేసే ఖర్చు మాత్రం మర్చిపోతారు, చాలాసార్లు అదే పెద్దది.

ప్రాంతాల విషయంలో కొంచెం వేరు

ప్రాంతానికి ఆడిట్ కంటే ముందు మనుషులను ఒప్పించడం పెద్ద పని. ఫిన్లాండ్‌లో 2020లో వచ్చిన సస్టైనబుల్ ట్రావెల్ ఫిన్లాండ్‌లో 7 అడుగులున్నాయి. ఒక ప్రాంతానికి గుర్తు రావాలంటే అక్కడి కంపెనీల్లో కనీసం 51 శాతం ముందు తమ గుర్తు తెచ్చుకోవాలి. పర్యాటక కార్యాలయం ఒక్కటే అందమైన నివేదిక రాసి గట్టెక్కే వీల్లేకుండా చేశారన్నమాట. నాకు ఈ నిబంధన బాగా నచ్చింది.

నార్వే దారి వేరు. అక్కడ 2013లో రోరోస్, వేగా, ట్రిసిల్, లార్‌డాల్ ప్రాంతాలకు మొదటిసారి సుస్థిర గమ్యస్థానం గుర్తు ఇచ్చారు. ప్రాంతం ఇప్పటికే అన్నింట్లో పరిపూర్ణమని దానర్థం కాదు, క్రమపద్ధతిలో పనిచేస్తోందని అర్థం. మూడేళ్లకోసారి మళ్లీ చూస్తారు.

స్థానికులను అడగడం మాత్రం ఎక్కడైనా తప్పనిసరి. సర్వే పత్రంలో "పర్యాటకం మంచిదా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. అద్దెలు పెరిగాయా, సీజన్‌లో నీళ్లు వస్తున్నాయా, శనివారం సాయంత్రం మీ వీధిలో నడవగలుగుతున్నారా అని అడగండి. ఇంగ్లిష్ కరపత్రం ఇచ్చి "ప్రజాభిప్రాయం తీసుకున్నాం" అనకండి.

8. గుర్తు వచ్చాక

ఎక్కడ, ఏ మాటలతో వాడొచ్చో నిబంధనలు ఇస్తారు, అలాగే వాడండి. ఒక హోటల్‌కు వచ్చిన గుర్తును అదే యజమాని మరో హోటల్ కరపత్రం మీద ముద్రించకూడదు. యూరప్ అతిథులకు అమ్ముతుంటే ఇంకాస్త జాగ్రత్త. యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన 2024/825 ఆదేశం ప్రకారం, సర్టిఫికేషన్ పథకం ఆధారం గానీ ప్రభుత్వ సంస్థ అండ గానీ లేని సుస్థిరతా గుర్తులు వాడడం నిషేధం. ఇది 2026 సెప్టెంబరు 27 నుంచి వర్తిస్తుంది. సొంతంగా గీయించుకున్న ఆకుపచ్చ ఆకు బొమ్మలు ఇక చెల్లవు.

గడువు తేదీని సర్టిఫికెట్ ఫ్రేములో కాకుండా మీ క్యాలెండర్‌లో రాసుకోండి, ఆరు నెలల ముందు ఒక గుర్తు కూడా. ఏ కారణం వల్లనైనా పునరుద్ధరణ జరగకపోతే ఆ రోజే గుర్తు తీసేయాలి: గేటు దగ్గర బోర్డు, బిల్లు పుస్తకాలు, వెబ్‌సైట్, బుకింగ్ యాప్‌లో మీ పేజీ, ఈమెయిల్ కింద సంతకం. చివరిదాన్ని అందరూ మర్చిపోతారు.