ఆటోహార్ప్‌లో రెండు బార్లు కలిపి నొక్కితే

మారేడుపల్లిలో నా దగ్గర పాట నేర్చుకునే పిల్లలు ఆటోహార్ప్ అనే పాశ్చాత్య తీగవాద్యాన్ని చూసి, గాయకులు మీటుకునే స్వరమండలం అనుకుంటారు. తీగలు సరే, పైనున్న బార్లే దీని ప్రత్యేకత. బారు అడుగున ఫెల్టు, అందులో అక్కడక్కడా గాట్లు ఉంటాయి. నొక్కినప్పుడు ఫెల్టు తగిలిన తీగ మూగబోతుంది, గాటు కిందిది మోగుతుంది.

అందుకే రెండు బార్లు కలిపి నొక్కితే స్వరాలు పెరగవు, తగ్గుతాయి. రెండింటిలోనూ ఉన్నవే మిగులుతాయి. ఒక్కో బారుకు ఒక కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) పేరు ఉంటుంది. ఏ సెవెన్ బారులో పాశ్చాత్య స్వరాలు ఏ, సి షార్ప్, ఇ, జి. ఏ మైనర్‌లో ఏ, సి, ఇ. ఎడమచేత్తో రెండూ అదిమి, కుడిచేత్తో మీటండి. ఏ, ఇ మాత్రమే పలుకుతాయి. అంటే షడ్జమ పంచమాలు! గాంధారం లేదు కాబట్టి మేజరూ కాదు, మైనరూ కాదు. పంచమం ఉన్న ఏ రాగమైనా దానిమీద హాయిగా పాడుకోవచ్చు. నాకు ఇంతకంటే ఇష్టమైన జోడీ లేదు. డి సెవెన్, డి మైనర్ కలిపితే డి, ఏ వస్తాయి.

బార్లు రెండూ పూర్తిగా దిగాలి. ఒకటి సగమే దిగితే ఫెల్టు తీగను రాసుకుని శబ్దం చెడుతుంది.

ఇక శ్రుతి. హైదరాబాద్ ఎండలు పోయి జూన్ తేమ మొదలవగానే తీగల శ్రుతి మారిపోతుంది. తీగలు సాధారణంగా 36 ఉంటాయి. ముందు ఏ, ఇ తీగలన్నీ సరిచేసుకోండి.