తుపాకీతో బంగారం వేటకు వెళ్లేటప్పుడు

అమెరికాలో బీఎల్ఎం (ఫెడరల్ ప్రభుత్వ భూముల సంస్థ) భూముల్లో బంగారం కోసం వాగు ఇసుక కడగాలంటే, అక్కడ ఇంకెవరి మైనింగ్ క్లెయిమ్ (తవ్వుకునే హక్కు) లేదని ముందు ఆన్‌లైన్ రికార్డుల్లో చూసుకోండి. ఆ క్లెయిమ్‌లకు ఆధారమైన 1872 నాటి మైనింగ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. పళ్లెం, చిన్న పారకి సాధారణంగా అనుమతి అక్కర్లేదు.

నేను వాగు మలుపులో లోపలివైపు, రాతి నెర్రెల్లోనే వెతుకుతాను. బంగారం క్వార్ట్జ్ కంటే ఏడు రెట్లు బరువు, అక్కడే దిగబడుతుంది. నెర్రెలో మట్టిని స్క్రూడ్రైవర్‌తో గీకి, పళ్లెంలో వేసి నీళ్లలో ఆడిస్తే నల్ల ఇసుక అడుగున మిగులుతుంది. బంగారం ఉంటే దాంతోనే ఉంటుంది, కాబట్టి అప్పుడు తొందరపడొద్దు.

తుపాకీకి ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే హోల్‌స్టర్ (ఒర) కావాలి. వంగి తవ్వేటప్పుడు జారకూడదు. తుపాకీ చట్టం రాష్ట్రానికో రకం. హెచ్1బీ లాంటి వీసా మీదున్నవాళ్లు మాత్రం హంటింగ్ లైసెన్స్ వంటి మినహాయింపు లేకుండా తుపాకీని ముట్టుకోవద్దు, ఫెడరల్ నేరమవుతుంది. నేషనల్ ఫారెస్ట్‌లో ఇళ్లకు, క్యాంపులకు 150 గజాల లోపు కాల్చకూడదు.