వాడకట్టులో ప్రగతిశీల సంఘం – మూడవ పాఠం: ఆ డిమాండు ఎవరిది?

మొదటి సమావేశంలో వచ్చిన డిమాండ్లను రాసి పంపమని క్రితం పాఠంలో అడిగాను. ఆ జాబితాలు చదివిన తరువాత, ఈసారి చెప్పాలనుకున్న కరపత్ర రచనను వచ్చే పాఠానికి జరుపుతున్నాను. వరంగల్ నగరంలోని కాజీపేట నుంచి వచ్చినా, శివనగర్ నుంచి వచ్చినా దాదాపు అవే కోరికలు: నాలా పక్కన గుడిసెలు తొలగించాలి, తోపుడు బండ్లను పంపించాలి, కాలనీకి గేటు పెట్టాలి. ఇవి సొంత ఇల్లున్నవారి సంక్షేమ సంఘం కోరికలు. అటువంటి సంఘానికి ఈ పాఠాలు అక్కరలేదు.

తీర్మానాల పుస్తకం, సంతకాలు మీకు తెలిసినవే. రిజిస్ట్రేషన్ గురించి చాలామంది అడిగారు కనుక ఒక్క మాట: సంఘం పెట్టుకొనే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ఇచ్చినదే. 2001 నాటి సంఘాల నమోదు చట్టం కింద నమోదుకు ఏడుగురు చాలు, కానీ బ్యాంకు ఖాతా అవసరం పడేదాకా ఆ పని జోలికి వెళ్లవద్దనే నేను చెబుతాను.

ఇక నాలా సంగతి. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ వరద నీరు హన్మకొండ ఇళ్లలోకి వచ్చింది కనుక నయీంనగర్ నాలా గురించిన ఫిర్యాదు నిజమైనదే. అయితే కాలువను ఇరుకు చేసినవి గుడిసెలు మాత్రమే కావు, దాని మీదికి జరిగిన పక్కా భవనాలూ ఉన్నాయి. మీ జాబితాలో గుడిసెల ఊసే ఉండి భవనాల ఊసు లేకపోవడానికి కారణం ఒక్కటే: భవనాల యజమానులు సమావేశంలో ముందు వరుసలో కూర్చున్నారు, గుడిసెవాసుల తలుపు ఎవరూ తట్టలేదు. వరద వచ్చిన రాత్రి అందరికన్నా ముందు మునిగింది వారి ఇళ్లే. ప్రభుత్వ స్థలంలో 125 గజాల లోపు పేదల ఇళ్లను క్రమబద్ధీకరించే 2014 నాటి జీవో 58 నాలా భూములకు, చెరువు శిఖం (నీరు నిలిచే) భూములకు వర్తించదు కనుక, తొలగింపు అంటూ జరిగితే వారి చేతిలో ఏ కాగితమూ ఉండదు. కాబట్టి డిమాండును ఇలా రాయాలి: నాలా పూర్తి వెడల్పును కొలిచి, భవనాలతో సహా ఆక్రమణలన్నింటి జాబితాను ప్రకటించాలి, గుడిసెవాసులకు వారి పనిచోటుకు దగ్గరలో ఇల్లు చూపించి, తాళం చేతికిచ్చిన తరువాతే తొలగింపు మొదలుపెట్టాలి.

ఏ డిమాండు రాసినా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది నెరవేరిన మరునాడు ఎవరి పొయ్యి ఆరిపోతుంది? తోపుడు బండ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వారిని ఖాళీ చేయించరాదని 2014 నాటి వీధి విక్రేతల చట్టమే చెబుతోంది. కిరాయిదార్లు, పారిశుద్ధ్య కార్మికులు ఒక్క జాబితాలోనూ కనిపించలేదు. గేటు గురించి నేను చర్చించను, దానిని కొట్టివేయండి.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలం పంటను విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వచ్చినప్పుడు, అప్పటి ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తలు అడ్డం నిలబడి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. దిక్కులేని ఇంటి పక్షాన అలా నిలబడినందువల్లనే పల్లెలు సంఘాన్ని నమ్మాయి. మన వాడకట్టులో ఆ ఇల్లు ఏదో ముందు తెలుసుకోవాలి.

అభ్యాసం ఈసారి కష్టమైనదే. ఇద్దరిద్దరుగా, జట్టుకొక మహిళ తప్పక ఉండేటట్లు, నాలా వెంబడి ప్రతి ఇంటికీ పనివేళలు ముగిసిన తరువాత వెళ్లండి. మీ పాత డిమాండును వారికే చదివి వినిపించి, వారు మార్చమన్న మాటలు మార్చి, కొత్తది వారి సంతకాలతో తీసుకురండి. ఆ తరువాత వరంగల్ మహానగరపాలక సంస్థకు పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, నాలా కొలతల రికార్డుల నకలు అడగండి. ఎందుకు వెడల్పు చేయలేదని ప్రశ్నిస్తే జవాబు రాదు, రికార్డు అడిగితే ముప్పై రోజులలో ఇవ్వవలసి ఉంటుంది. ఆ గడువు తీరేదాకా ఆగకుండా, గుడిసెవాసులను ముందు నిలబెట్టుకొని సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకొనే ప్రజావాణిలో కొత్త డిమాండును ఇచ్చి, రసీదు తీసుకోండి.