బత్తాయి ఆకు పసుపైతే: జింక్ కలిపే ముందు ఆకు రెండు సగాలూ చూడండి

గ్రీనింగ్ అనే బాక్టీరియా తెగులు లక్షణం: చెట్టంతా పచ్చగానే ఉంటుంది, ఒకటి రెండు కొమ్మలు మాత్రం పసుపుబారతాయి. ఆ కొమ్మల కాయలు చిన్నవై వంకర తిరుగుతాయి, అడుగు భాగం పచ్చగానే మిగులుతుంది. కోసి చూస్తే గింజలు గోధుమరంగులో ఎండిపోయి ఉంటాయి.

ముదురు ఆకును తుంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మధ్య ఈనెకు అటూ ఇటూ పోల్చండి. ఈనెల నడుమ రెండు సగాల్లోనూ ఒకే తీరుగా పసుపు ఉంటే జింక్ లోపం. ఒక సగంలో ఈనెలను దాటి పాకిన మచ్చ ఉండి, రెండో సగంలో అదే చోట పచ్చగా ఉంటే గ్రీనింగ్ తెగులును అనుమానించాలి. అర నిమిషం పట్టదు. అయినా నేను వెళ్లిన తోటల్లో చాలాచోట్ల ఆకును చూడకుండానే జింక్ సంచి విప్పేసి ఉంటారు.

ఆకు పసుపవడానికి మరికొన్ని కారణాలైన నీరు నిలవడం, బంక తెగులు, వేరుకుళ్లు చెట్టు మొదలును, వేర్లను చూస్తే తెలిసిపోతాయి. వాటి గురించి ఇక్కడ ఇంతకన్నా అక్కర్లేదు.

నన్ను దెబ్బతీసింది మరొకటి. గ్రీనింగ్ సోకిన చెట్టుకు జింక్ లోపం నిజంగానే వస్తుంది. ఆకులు చేసిన ఆహారాన్ని కిందికి మోసే నాళాల్లో బాక్టీరియా చేరి దారి మూసేస్తుంది. పిండిపదార్థం ఆకుల్లోనే పేరుకుంటుంది, పీచువేర్లు తిండిలేక చస్తాయి, నేలలో ఉన్న జింక్‌ను కూడా చెట్టు తీసుకోలేదు. అందుకే లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి చల్లితే ఆకు కాస్త తేరుకుంటుంది. రోగం పోయిందనుకుంటాం. ఒక సాత్‌గుడి రకం బత్తాయి తోటలో రెండేళ్లు నేను అలాగే నమ్మాను. ఆ రెండేళ్లూ సిల్లా పురుగు ఆ చెట్ల లేత చిగుళ్ల మీదే పెరిగి, పక్క వరుసలకు రోగాన్ని మోసింది. మూడు చెట్లతో పోవాల్సిన నష్టం ముప్పై చెట్లకు చేరింది. పసుపు కొమ్మను నరికేస్తే చాలనుకోవడమూ ఇంతే, అప్పటికే బాక్టీరియా వేర్ల దాకా దిగి ఉంటుంది.

పరిష్కారం: అనుమానం వస్తే ఆకును గరుకు కాగితంతో రుద్ది, ఆ పొడిని నీటిలో కలిపి అయోడిన్ చుక్క వేయండి. నల్లబడితే అనుమానం బలపడినట్టే. తేల్చి చెప్పేది మాత్రం ప్రయోగశాలలో బాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష. రోగం ఖాయమైతే నయం చేసే మందు లేదు, చెట్టును తీసేయాలి. పెరికే ముందు సిల్లాకు మందు కొట్టండి, లేకపోతే రెక్కల పురుగులన్నీ పక్క చెట్లకు ఎగిరిపోతాయి.

కాపుకొచ్చిన చెట్టును తీయడానికి చెయ్యి రాదు, ఆ బాధ నాకు తెలుసు. కానీ లెక్క చూడండి. ఫ్లోరిడాలో ఈ తెగులు 2005లో బయటపడింది. 2003-04లో సుమారు 24 కోట్ల పెట్టెల నారింజ పండిన ఆ రాష్ట్రంలో 2022-23 నాటికి దిగుబడి 1.6 కోట్ల పెట్టెలకు పడిపోయింది. తుపాన్లు కూడా దెబ్బతీశాయి, కానీ తోటల నడుము విరిచింది ఈ తెగులే.

మిగిలిన చెట్లకు ప్రతి చిగురు దశలోనూ, చిగురు విచ్చుకుంటున్నప్పుడే సిల్లా మందు పడాలి. ముదిరాక కొడితే ఖర్చే మిగులుతుంది. పూత మీద మాత్రం కొట్టకండి, తేనెటీగలు చస్తాయి. గట్టు మీద కరివేపాకు ఉంటే దానికీ కొట్టండి, అయితే ఆ ఆకును కొంతకాలం వంటకు కోయకండి. సిల్లాకు కరివేపాకు చిగురంటే ప్రాణం. ఖాళీ గుంతల్లో నాటే అంట్లు వలగూటిలో పెరిగినవా, పరీక్షించిన తల్లిచెట్ల నుంచి కట్టినవా అని నర్సరీకి వెళ్లి చూశాకే డబ్బు ఇవ్వండి.