డైనస్టీ మోడ్‌లో చిన్న జట్టుకు ఆటగాళ్లను సమకూర్చుకోవడం ఎలా?

డైనస్టీ మోడ్ అంటే అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో ఒక విశ్వవిద్యాలయ జట్టుకు కోచ్‌గా ఉంటూ సీజన్ తరువాత సీజన్ నడిపించే విధానం. విజయనగరంలో మిత్రులం కొందరం కలిసి ఆడుకునే ఆన్‌లైన్ డైనస్టీలోకి కొత్తగా వచ్చినవారు సాధారణంగా మొదట చేసే పని, జాబితాలో పైనున్న ఐదు నక్షత్రాల (అత్యున్నత రేటింగ్ ఉన్న) హైస్కూల్ కుర్రవాళ్లందరికీ స్కాలర్‌షిప్ ఇవ్వజూపడం. వారాలు గడుస్తాయి, ఆటగాళ్లను ఆకర్షించడానికి ఆట ఇచ్చే గంటలు ఖర్చవుతాయి, చివరికి ఆ కుర్రవాళ్లు అలబామా, జార్జియా వంటి పెద్ద జట్లకు వెళ్లిపోతారు. 2024 జులైలో ఈఏ స్పోర్ట్స్ విడుదల చేసిన కాలేజ్ ఫుట్‌బాల్ 25లో చిన్న విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నవారు గెలవాలంటే, తమ దగ్గర ఉన్నదాన్నే కోరుకునే ఆటగాడు ఎక్కడున్నాడో వెతకాలి. నా దృష్టిలో రిక్రూటింగ్ (ఆటగాళ్లను చేర్చుకోవడం) అంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది.

అందుకని ఆటగాళ్ల జాబితా తెరవడానికి ముందు మీ విశ్వవిద్యాలయపు గ్రేడ్ల పేజీని శ్రద్ధగా చదవండి. ఆడే అవకాశం, ఛాంపియన్‌షిప్ సత్తా, చదువుల ప్రతిష్ఠ, స్టేడియం సందడి, ఇంటికి దగ్గరగా ఉండడం, కోచ్ స్థిరత్వం వంటి 14 అంశాలకు అక్కడ అక్షరాల రూపంలో గ్రేడ్లు ఉంటాయి. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయాన్నే తీసుకోండి. ఫుట్‌బాల్‌లో దానికి పెద్ద పేరు లేకపోయినా చదువులో గొప్ప పేరుంది. పైగా హైస్కూల్ ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లులాంటి టెక్సాస్ రాష్ట్రంలోనే ఉంది. కాబట్టి చదువుకు, ఇంటి దగ్గర ఉండడానికి విలువిచ్చే టెక్సాస్ కుర్రవాడు మూడు నక్షత్రాలవాడైనా సరే, ఆ జట్టుకు అసలైన లక్ష్యం అతడే.

ప్రతి ఆటగాడికీ మనసులో మూడు ప్రధానమైన కోరికలు, వాటితోపాటు ఒక డీల్‌బ్రేకర్ (తీరకపోతే ఒప్పుకోని షరతు) ఉంటాయి. డీల్‌బ్రేకర్ అంశంలో మీ గ్రేడ్ అతడు కోరినంత లేకపోతే మీరెన్ని గంటలు వెచ్చించినా ప్రయోజనం ఉండదు గనుక, అటువంటివారిని మొదటి రోజే తీసివేయండి. మీ బోర్డులో, అంటే మీరు వెంటపడే ఆటగాళ్ల జాబితాలో, 35 మందికే చోటుంది. ఆశతో ఉంచుకున్న ఒక్కొక్క పేరూ, నిజంగా రాగలిగిన మరొకరి స్థానాన్ని ఆక్రమిస్తుంది.

పైప్‌లైన్ అనే అంశాన్ని మన ప్రాంతంవారు సులభంగానే గ్రహించగలరు. నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ నుంచి వెయిట్‌లిఫ్టర్లు వరుసగా వస్తున్నట్టే, అమెరికాలోనూ కొన్ని ప్రాంతాలు ఆటగాళ్లకు నెలవులు. ఆ ప్రాంతంతో మీ విశ్వవిద్యాలయానికి లేదా మీ కోచ్‌కు ముందునుంచీ అనుబంధం ఉంటే, అక్కడి కుర్రవాళ్ల దగ్గర మీరు వేసే ప్రతి అడుగుకూ అదనపు ఫలితం వస్తుంది. కొత్త కోచ్‌ను తయారుచేసుకునేటప్పుడు జట్టు ఉన్న ప్రాంతపు పైప్‌లైన్‌నే ఎంచుకోవడం మేలు.

ఇక గంటల సంగతి. వారానికి మీకు లభించే గంటలు పరిమితం. వాటిని 35 మందికీ సమంగా పంచితే ఎవరి దగ్గరా మీరు ముందంజలో ఉండరు. సీజన్ ఆరంభంలో స్కౌటింగ్‌కు, అంటే ఆటగాడి అసలు సత్తా తెలుసుకోవడానికి, కొంత కేటాయించండి. పైకి మామూలుగా కనిపించే ఆటగాడి పక్కన ఆకుపచ్చ రత్నం గుర్తు వస్తే అతడు నక్షత్రాలు చెప్పినదానికంటే మెరుగైనవాడని అర్థం. ఎరుపు గుర్తు వచ్చినవాడు ఎంత పేరున్నవాడైనా వదిలివేయండి. నా అభిప్రాయంలో ఈ స్కౌటింగ్ మూడు నక్షత్రాలవారి మీద చేసినప్పుడే ఎక్కువ ఫలిస్తుంది, ఎందుకంటే పెద్ద జట్లు అప్పటికి వాళ్లవైపు చూసి ఉండవు. ఆ తరువాత పది పన్నెండు మందిని గట్టిగా పట్టుకుని, సోషల్ మీడియా పరిశీలన, నేరుగా సందేశం, కుటుంబంతో మాట్లాడడం వంటి మార్గాల ద్వారా వారి కోరికలు ఒక్కొక్కటిగా బయటపడేవరకు కొనసాగించండి.

ఆటగాడు తన జాబితాను కుదించుకుని ఐదు జట్లకు వచ్చాక అమ్మకపు మాటలకు వేళవుతుంది. అతడి మూడు కోరికలూ మీకు తెలిసి, ఆ మూడింటిలోనూ మీ గ్రేడ్లు బాగుంటే, 50 గంటలు తీసుకునే సెండ్ ద హౌస్ (కోరికలతో పనిలేకుండా అన్నివిధాలా ఆకర్షించే ప్రయత్నం) కంటే 40 గంటల హార్డ్ సెల్ (అతడి కోరికల మీదే గట్టిగా చెప్పే అమ్మకపు మాట) లాభదాయకం. రెండు కోరికలు తెలియకుండానే హార్డ్ సెల్‌కు దిగడం మాత్రం చీకట్లో డబ్బు పారేసుకోవడమే.

క్యాంపస్ సందర్శనలను సొంత మైదానంలో, మీరు గెలవగలమని నమ్మకమున్న మ్యాచ్‌కే పెట్టండి. ఓడితే ఆకర్షణ తగ్గుతుంది. ఒక వారంలో నలుగురిని పిలవవచ్చు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను, దాన్ని అందుకునే వైడ్ రిసీవర్‌ను ఒకే వారం పిలిస్తే ఇద్దరిలోనూ ఆసక్తి పెరుగుతుంది, అదే ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను కలిపి పిలిస్తే ఇద్దరూ వెనక్కి తగ్గుతారు.

మిత్రులతో ఆడేవారికి ఇంకొక సూచన. ఒకే పైప్‌లైన్‌లో ఇద్దరు పోటీపడితే ఇద్దరి గంటలూ వృథా అయి ఆటగాడు మూడోవాడికి దక్కుతాడు కనుక, జట్లు ఎంచుకునేటప్పుడే వేర్వేరు ప్రాంతాలు చూసుకోండి.

సీజన్ ముగిసేనాటికి జట్టును 85 మందికి కుదించాలి. కొత్తగా ఎంతమందిని చేర్చుకోవాలో నిర్ణయించే ముందు, చదువు పూర్తయి వెళ్లేవారినే కాకుండా, ఉన్నవారిలో ఎవరి డీల్‌బ్రేకర్ దెబ్బతిన్నదో కూడా చూడండి. వాళ్లు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ దారి పట్టే, అంటే వేరే విశ్వవిద్యాలయానికి మారే, అవకాశం ఉంది. వాళ్లు ఆడే స్థానాలకు ప్రత్యామ్నాయంగా ఒకరిద్దరిని బోర్డులో ముందే ఉంచుకోండి.